రన్‌వే పోస్తే విమానాశ్రయం అయిపోదు

రాష్ట్రంలో కొత్తగా రావాల్సిన విమానాశ్రయాల జాబితాలో కుప్పం, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెంతోపాటు మన నాగార్జునసాగర్ పేరు కూడా చేరినప్పటి నుంచి పల్నాడులో ఒక వాదన ఊరూరా తిరుగుతోంది. ఎడ్లపాడులో హైవే పక్క టీ కొట్టు దగ్గరా అదే మాట, నరసరావుపేటలో బాగా చదువుకున్నవాళ్ల నోటా అదే మాట. "విమానాలు ఇప్పుడు శాటిలైట్ చూసుకుని నడుస్తున్నాయి. మన మిర్చి లారీ డ్రైవరే ఫోన్లో మ్యాప్ పెట్టుకుని గుంటూరు యార్డు నుంచి అస్సాం దాకా పోయొస్తున్నాడు. రన్‌వే చివర యాంటెన్నాలు, రాడార్లు, టవర్లో మూడు షిఫ్టుల జనం, ఇవన్నీ పాతకాలపు ఖర్చులు. మంచి రన్‌వే ఒకటి పోసి టెర్మినల్ కట్టేస్తే మిగతాది పైనున్న ఉపగ్రహాలే చూసుకుంటాయి."

ఈ మాట అనేవాళ్లకి ఈ నేల మీద ప్రేమ ఉంది. మాచర్ల, గురజాల వైపు ఒక విమానం దిగాలన్న కోరిక నాకూ ఉంది. కానీ వాదన తప్పు. మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే తప్పు కాబట్టి మర్యాద కోసం ఊరుకోలేను.

విమానం ఎక్కడుందో చెప్పే సాక్షి ఒక్కటే ఉంటే, ఆ సాక్షి తప్పు చెప్పిన రోజున ఆ తప్పు పట్టుకునేవాళ్లు ఉండరు. పొలం గట్టు తగాదాలో కూడా ఒకే మనిషి మాట మీద తీర్పు చెప్పం, అతనితో చుట్టరికం లేని రెండో మనిషిని పిలుస్తాం. విమానయాన భద్రత అంతా ఈ రెండో సాక్షి మీదే నిలబడి ఉంది. ఉపగ్రహం ఒక సాక్షి. నేల మీదున్న సాధనాలు, అంటే రన్‌వే మీదికి దిగే దారి చూపే ఐఎల్ఎస్, దిక్కు చెప్పే వీఓఆర్, దూరం చెప్పే డీఎంఈ, వీటికి తోడు రాడార్, దానితో సంబంధం లేని సాక్షులు. వాటన్నిటినీ విని, పోల్చి చూసుకునే మనిషి టవర్లో ఉంటాడు. ఖర్చు తగ్గిద్దామంటున్నవాళ్లు తీసేయమంటున్నది సరిగ్గా ఈ రెండో సాక్షినే.

వాళ్లు మొదట చూపించే ఉదాహరణ మనకి బాగా దగ్గరలో ఉంది. ఎడ్లపాడు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీదే చిలకలూరిపేట, మార్టూరు దాటి పోతే కొరిశపాడు దగ్గర వాయుసేన కోసం కట్టిన అత్యవసర ల్యాండింగ్ రన్‌వే వస్తుంది. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు, అంతా కాంక్రీటు. 2024 మార్చి 18న అక్కడ ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. "చూశారా, అక్కడ ఐఎల్ఎస్ ఉందా, పక్కా టవర్ ఉందా? అయినా దిగలేదా?" అంటారు.

దిగాయి. ఎలా దిగాయో కూడా చెప్పుకోవాలి. 2022 డిసెంబర్ 29న మొదటిసారి వచ్చినప్పుడు వాయుసేన విమానాలు నేలని తాకనే లేదు. కిందికి వచ్చి, రన్‌వేని చూసుకుని, పైకి లేచిపోయాయి. 2024లో కూడా సుఖోయ్, హాక్ విమానాలు అంతవరకే చేశాయి. రవాణా విమానాల్ని మాత్రం, మొదటి రాక తర్వాత ఏడాదికి పైగా గడిచాక, పట్టపగలు, ట్రాఫిక్ అంతా పక్కకి మళ్లించి, పోలీసు కాపలా పెట్టి, రేడియో పట్టుకున్న వాయుసేన మనుషులు నేల మీద నిలబడి ఉండగా, ఒక్కొక్క విమానాన్నే దింపారు. వాటిలో టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు ఒక్కడూ లేడు. యుద్ధంలోనో విపత్తులోనో వేరే దారి లేనప్పుడు వాడుకోవడానికి సైన్యం తయారుచేసుకున్న ఏర్పాటు అది. జనవరి తెల్లవారుజామున, కృష్ణ మీద పొగమంచు కమ్ముకున్న వేళ, డెబ్బై మంది ప్రయాణికులున్న ఏటీఆర్ దిగడానికి అది నమూనా అవదు. కొరిశపాడు నిరూపించిందల్లా ఒక్కటే. పరికరాలు లేనిచోట వాటి బదులు ఎండ, ఖాళీ ఆకాశం, శిక్షణ పొందిన మనుషులు, తగినంత వ్యవధి, ఇవన్నీ ఒకేసారి కావాలి. రోజువారీ సర్వీసుకి ఇవన్నీ ఏ రోజున దొరుకుతాయి?

రెండోది, ఫోన్ మ్యాప్ వాదన. లారీ డ్రైవర్ మ్యాప్‌ని చూసి నడపడు, రోడ్డుని చూసి నడుపుతాడు. మ్యాప్ అయిదారు మీటర్లు పక్కకి చూపినా అతనికి పోయేదేమీ లేదు, అద్దంలోంచి రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. మబ్బులోకి దూరిన పైలట్‌కి అద్దంలో తెల్లదనం తప్ప ఏమీ కనపడదు. రన్‌వే వెడల్పు మామూలుగా 45 మీటర్లు. పక్కకి కొన్ని మీటర్ల తేడా వస్తే చక్రం మట్టిలోకి దిగుతుంది. ఎత్తులో తేడా వస్తే ఇంకా ప్రమాదం. జీపీఎస్ పక్కకొలత కంటే ఎత్తుకొలతలోనే ఎక్కువ తప్పుతుంది.

మన రైతులకి ఈ సంగతి తెలియంది కాదు. భూముల రీసర్వేలో సర్వేయర్లు రోవర్లు పట్టుకుని చేలల్లో తిరగడం అందరం చూశాం. ఆ రోవర్ వట్టి ఉపగ్రహాన్ని నమ్ముకుని గట్టు తేల్చదు. ఎక్కడో నేల మీద స్థిరంగా పాతిపెట్టిన ఒక కేంద్రం ఉంటుంది. దాని స్థానం సెంటీమీటర్లతో సహా ముందే తెలుసు. ఉపగ్రహం ఆ కేంద్రానికి ఎంత తప్పు చెబుతోందో లెక్కగట్టి, అంత తప్పునీ రోవర్ కొలతలోంచి తీసేస్తారు. అంటే అర ఎకరం హద్దు తేల్చడానికి కూడా ఉపగ్రహానికి తోడు నేల మీద ఒక సాక్షి కావాల్సి వచ్చింది. విమానానికి మాత్రం అక్కర్లేదని ఎట్లా అనగలం?

ఇదే సూత్రం మీద ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టింది గగన్ వ్యవస్థ. అది మన దేశం గర్వపడాల్సిన పని, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. దేశంలో 15 చోట్ల నేల మీద కేంద్రాలు పెట్టి, జీపీఎస్ తప్పుల్ని నిరంతరం కొలుస్తూ, దిద్దుబాట్లని భూస్థిర ఉపగ్రహాల ద్వారా విమానాలకి అందిస్తారు. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న దేశం మనది. మన మీద అయనావరణం అనే పై వాతావరణ పొర బాగా చంచలంగా ఉంటుంది, సాయంత్రం పొద్దుగూకాక మరీను. ఉపగ్రహ సంకేతం ఆ పొరలోంచి వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది కూడా. అమెరికా, యూరప్ వాళ్లకి ఇంత చిక్కు లేదు. దీనికి సరిపడే లెక్కల నమూనాని మనవాళ్లే తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రం లాంటి చోట్ల మన తెలుగు ఆచార్యులు, విద్యార్థులు ఏళ్ల తరబడి ఈ అయనావరణం మీదే పనిచేశారు. 2015 జూలైలో అప్పటి విమానయాన మంత్రి, మన విజయనగరం అశోక్ గజపతిరాజు గగన్‌ని జాతికి అంకితం చేశారు. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. ఐఎల్ఎస్ లేని చిన్న విమానాశ్రయాలకి అది నిజంగా మేలు.

అయితే రెండు సంగతులు మరవకూడదు. గగన్ ఇప్పుడు చూపే దారిలో పైలట్ సుమారు 250 అడుగుల ఎత్తు దాకా దిగవచ్చు. అప్పటికి రన్‌వే కనపడకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. దట్టమైన పొగమంచులో అంతకంటే చాలా కిందికి, అవసరమైతే నేల దాకా దింపే పని ఇవాళ మన దేశంలో మేలురకం ఐఎల్ఎస్ ఒక్కటే చేస్తోంది. ఐఎల్ఎస్‌లో మొదటి తరగతికి 200 అడుగులు, రెండో తరగతికి 100 అడుగులు, మూడో తరగతి అయితే ఢిల్లీలో 50 మీటర్ల దూరం మాత్రమే కనిపిస్తున్నా విమానాన్ని రన్‌వే మీద పెడుతుంది. శీతాకాలంలో గన్నవరం మీద పొగమంచు పట్టినప్పుడు విమానాలు గాల్లో చక్కర్లు కొట్టి హైదరాబాద్‌కి తిరిగిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ ఇబ్బంది తీరాలంటే నేల మీద ఇంకా మెరుగైన పరికరం, ఇంకా మెరుగైన దీపాలు కావాలి. ఉన్నవి తీసేస్తే ఇబ్బంది పెరుగుతుందే గాని తగ్గదు.

రెండో సంగతి అంతకంటే పెద్దది. ఉపగ్రహం చెప్పే తప్పుని గగన్ పట్టుకుని కొద్ది సెకన్లలోనే పైలట్‌ని హెచ్చరిస్తుంది. ఉపగ్రహం పేరు పెట్టుకుని ఇంకెవరో చెప్పే అబద్ధాన్ని మాత్రం అది పట్టుకోలేదు.

ఈ అబద్ధం ఎంత తేలికో చెబుతాను. జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి బయల్దేరిన సంకేతం మన దగ్గరికి వచ్చేసరికి ఒక వాట్‌ని నూరు కోటి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం అంత బలంతో ఉంటుంది. దాన్ని ముంచేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సంకేతాన్ని వినపడకుండా చేస్తే జామింగ్. అదే సంకేతాన్ని అనుకరిస్తూ తప్పుడు స్థానం వినిపిస్తే స్పూఫింగ్. జామింగ్ జరిగితే పైలట్‌కి తెలుస్తుంది, తెర మీద గుర్తు ఆరిపోతుంది. స్పూఫింగ్‌లో అన్నీ మామూలుగానే కనిపిస్తాయి, విమానం మాత్రం తెర చెప్పినచోట ఉండదు. నేల దగ్గరవుతోందని అరిచే హెచ్చరిక యంత్రం కూడా జీపీఎస్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, ముప్పై వేల అడుగుల ఎత్తులో "పైకి లేపు" అని అరుస్తుంది. నాలుగుసార్లు ఉత్తినే అరిస్తే, నిజంగా కొండ ఎదురొచ్చిన రోజున కూడా పైలట్ దాన్ని అనుమానిస్తాడు.

ఇదేదో పరాయి దేశపు యుద్ధాల గొడవ అనుకునేవాళ్ల కోసం మన లెక్క చెబుతాను. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా సరిహద్దు ప్రాంతంలో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ చుట్టుపక్కల, 465 సార్లు జీపీఎస్‌కి అంతరాయం కలిగిందని ప్రభుత్వమే పార్లమెంటుకి చెప్పింది. 2025 డిసెంబర్ 1న విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు జీపీఎస్ అంతరాయం కనిపించిన చోట్ల గురించి పార్లమెంటుకి ఇచ్చిన జవాబులో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, అమృత్‌సర్, బెంగళూరు, చెన్నైతోపాటు హైదరాబాద్ పేరు కూడా ఉంది. శంషాబాద్‌కి వచ్చే విమానాల్లో మన పిల్లలు వస్తారు, మన ముసలివాళ్లు వస్తారు.

ఆ జవాబులో ఢిల్లీ గురించి చెప్పిన భాగమే నా వాదనకి ప్రాణం. 2025 నవంబర్‌లో ఢిల్లీలో 10వ నంబర్ రన్‌వేకి జీపీఎస్ ఆధారంగా దిగుతున్న విమానాలకి స్పూఫింగ్ తగిలింది. ఎందుకు ఆ రన్‌వేకే? దాని ఐఎల్ఎస్‌ని మెరుగుపరిచే పని జరుగుతున్నందువల్ల అది వాడుకలో లేదు. విమానాలు ఉపగ్రహాన్నే నమ్ముకోవాల్సి వచ్చింది. నేల మీది సాధనాలు పనిచేస్తున్న మిగతా రన్‌వేల మీద రాకపోకలకి ఇబ్బంది కలగలేదని ఆ జవాబే చెబుతోంది. దేశంలో నేల మీది నావిగేషన్, నిఘా పరికరాల్ని కనీస స్థాయిలో నిలబెట్టి ఉంచుతున్నామని కూడా మంత్రి అందులో చెప్పారు. ఒకే ఊరు, ఒకే ఆకాశం, ఒకే రోజులు. రెండో సాక్షి ఉన్న రన్‌వేలు నడిచాయి, లేని రన్‌వేకి చిక్కు వచ్చింది. ఇంతకంటే స్పష్టమైన పరీక్షని ఏ ప్రయోగశాలలోనూ పెట్టలేం. అంతటి ఢిల్లీలో జరిగింది ఇది. పక్కన వేరే రన్‌వేలు ఉన్నాయి కాబట్టి అక్కడ సర్దుకున్నారు. సాగర్‌లో ఉండబోయేది ఒకే రన్‌వే.

అమెరికా వీఓఆర్‌లని మూసేస్తోంది గదా అని ఒక మిత్రుడు అడిగారు. మూసేస్తోంది, నిజమే. దాదాపు 900 ఉన్నవాటిని సుమారు 590కి తగ్గించాలని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ నిర్ణయించింది. ఆ 590 ఎందుకు ఉంచుకుంటోందో కూడా ఆ నిర్ణయంలోనే ఉంది. జీపీఎస్ పోయిన రోజున గాల్లో ఉన్న ఏ విమానమైనా ఉపగ్రహంతో పనిలేకుండా ఏదో ఒక విమానాశ్రయానికి చేరి దిగగలగాలని. జీపీఎస్‌ని పుట్టించిన దేశమే దాన్ని ఒంటరిగా నమ్మడం లేదు.

మనకి సొంత ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ నావిక్ ఉందిగా అనే మాట కూడా వింటుంటాను. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా వెళ్లిన రాకెట్ ఎన్‌వీఎస్-02 అనే నావిక్ ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలింది. తర్వాత ఉపగ్రహంలో ఆక్సిడైజర్ వాల్వ్ తెరుచుకోకపోవడంతో అది ఉండాల్సిన కక్ష్యకి చేరలేకపోయింది. ఆ శాస్త్రవేత్తల శ్రమని నేను గౌరవిస్తాను. నావిక్ పూర్తిగా అందివచ్చినా దాని సంకేతం కూడా అంతరిక్షం నుంచి వచ్చే బలహీనమైన సంకేతమే, ముంచేవాడికి అదీ లోకువే.

ఇక ట్రాకింగ్. విమానం తన దారి తాను తెలుసుకోవడం ఒకటి, నేల మీదివాళ్లు దాన్ని గమనించడం మరొకటి. ఈ రెండోదాన్ని కూడా ఉపగ్రహానికే అప్పగించమంటారు. ఏడీఎస్-బీ అనే పద్ధతిలో విమానం తన జీపీఎస్ చెప్పిన స్థానాన్ని సెకనుకోసారి ప్రసారం చేస్తుంది, కింద ఒక చిన్న రిసీవర్ చాలు. చవక, మంచి పద్ధతి, రాడార్ అందని చోట్ల వరం. కానీ విమానంలోని జీపీఎస్ మోసపోతే ఏడీఎస్-బీ ఆ మోసాన్నే నిజమని కంట్రోలర్‌కి కూడా చెబుతుంది. పైలట్, కంట్రోలర్ ఇద్దరూ ఒకే తప్పుని చూస్తూ "సరిగ్గానే ఉంది" అనుకుంటారు. రాడార్ అలా కాదు. సెకండరీ రాడార్ కోణాన్నీ దూరాన్నీ తనే కొలుస్తుంది. ప్రైమరీ రాడార్ అయితే విమానం జవాబు చెప్పినా చెప్పకపోయినా దాని లోహపు ఒంటిని తాకి వచ్చిన ప్రతిధ్వనితోనే పట్టుకుంటుంది. 2014 మార్చి 8న మలేషియా విమానం ఎంహెచ్-370లో రాడార్‌కి జవాబు చెప్పే ట్రాన్స్‌పాండర్ ఆగిపోయాక, అది వెనక్కి తిరిగి ఏ వైపు పోయిందో కొంతదూరం చెప్పగలిగింది మిలిటరీ ప్రైమరీ రాడారే.

ఒక్క రకం రాడారే ఉంటే ఏమవుతుందో కూడా మన గడ్డ మీదే చూశాం. 1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాల మీద సౌదీ జంబో, కజకిస్తాన్ ఇల్యూషిన్ గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. ఆనాటి ఢిల్లీ రాడార్ తెర మీద విమానాలు చుక్కలుగా కనిపించేవి, ఎంత ఎత్తులో ఉన్నాయో కనిపించేది కాదు. 15 వేల అడుగుల దగ్గర ఆగమన్న విమానం ఇంకా కిందికి జారుతోందని కంట్రోలర్‌కి తెలిసే మార్గం లేదు. ఆ తర్వాతే ఢిల్లీలో సెకండరీ రాడార్ వాడుకలోకి వచ్చింది, విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే యంత్రాలు తప్పనిసరి అయ్యాయి. ఈ రోజు మనం నిశ్చింతగా ఎక్కుతున్న ప్రతి విమానం వెనక ఆ 349 మంది ఉన్నారు. వాళ్ల ప్రాణాలతో కొనుక్కున్నదాన్ని పాతకాలపు ఖర్చు అంటుంటే నాకు కోపం వస్తుంది.

కొత్త యంత్రం ఒక్కటే చాలదని మొన్నమొన్ననే వాషింగ్టన్ కూడా చూసింది. 2025 జనవరి 29 రాత్రి అక్కడి రీగన్ విమానాశ్రయానికి దిగుతున్న విమానాన్ని సైనిక హెలికాప్టర్ ఢీకొట్టి 67 మంది చనిపోయారు. ఆ హెలికాప్టర్ నుంచి ఏడీఎస్-బీ ప్రసారం లేదు. ఆ రాత్రి టవర్లో హెలికాప్టర్లని చూసే పని, విమానాల్ని చూసే పని రెండూ ఒకే కంట్రోలర్ మీద పడి ఉన్నాయి. పరికరం మౌనంగా ఉన్నప్పుడు ఆదుకోవాల్సిన మనిషికి రెండింతల భారం. టవర్లో జనాన్ని తగ్గించమనేవాళ్లు దీని గురించి ఆలోచించాలి.

నేల మీద కూడా అంతే. 2001 అక్టోబర్ 8న ఇటలీలోని మిలాన్ లినాటె విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. పాత గ్రౌండ్ రాడార్‌ని తీసేశారు, కొత్తది ఇంకా బిగించలేదు. దారి తప్పిన ఒక చిన్న జెట్ రన్‌వే మీదికి వచ్చింది. టవర్లోంచి అది కనపడలేదు, తెర మీద చూద్దామంటే తెరే లేదు. పైకి లేస్తున్న పెద్ద విమానం దాన్ని గుద్దింది. 118 మంది పోయారు. పాతది తీసేయడానికీ కొత్తది పెట్టడానికీ మధ్య ఉన్న ఖాళీలో పోయారు వాళ్లంతా. అలాగని తెర ఉంటే చాలా? 2024 జనవరి 2న టోక్యో హనేడాలో రన్‌వే మీద కోస్ట్‌గార్డ్ విమానం ఆగి ఉందని తెర మీద హెచ్చరిక వెలిగింది. ఒక నిమిషానికి పైగా వెలుగుతూనే ఉంది, కంట్రోలర్ గమనించలేదు. దిగుతున్న పెద్ద విమానం దాన్ని ఢీకొంది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, కోస్ట్‌గార్డ్ మనుషులు అయిదుగురు చనిపోయారు. హెచ్చరికకి శబ్దం కూడా జోడించింది ఆ తర్వాతే. యంత్రం ఉండాలి, దాన్ని చూసే మనిషికి తీరిక ఉండాలి, యంత్రం అతని చెవిలో పడేలా అరవాలి.

ఇక్కడే అవతలివాళ్లు తమ బలమైన వాదన తీస్తారు. "ప్రమాదాల్లో ఎక్కువ భాగం మనిషి తప్పే. అందుకే మనుషుల్ని తగ్గించి అంతా ఆటోమేటిక్ చేయాలి" అంటారు. దీనికి మంగళూరునే ఉదాహరణగా చెబుతారు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. కెప్టెన్ తప్పుందని విచారణ తేల్చింది. పక్కనున్న కోపైలట్ మళ్లీ పైకి లేపమని చెప్పినా, యంత్రాలు అరిచినా ఆయన వినలేదు. ఇదంతా నిజం.

కానీ ఆ విమానం రన్‌వే దగ్గరికి వచ్చేసరికి ఉండాల్సిన దానికంటే అంత ఎత్తులో ఎందుకుంది? అక్కడి రాడార్ మే 20 నుంచి పనిచేయడం లేదు. రాడార్ లేనప్పుడు కంట్రోలర్ విమానాన్ని చూడలేడు, పైలట్ చెప్పే దూరాన్ని బట్టే నడిపించాలి. అందుకని కిందికి దిగడానికి అనుమతి ఆలస్యంగా ఇవ్వాల్సి వచ్చింది. మనిషి తప్పు కంటే ముందు అక్కడ ఒక పరికరం లేని ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఇచ్చిన అవకాశంలో మనిషి తప్పు పెరిగి పెద్దదైంది. "మనిషి తప్పు" అని ఒక్క మాటలో ఫైలు మూసేస్తే, ఆ మనిషిని ఆ చోటికి నెట్టినదేదో ఎప్పటికీ బయటపడదు.

మనిషి అడ్డమనేవాళ్లు 2025 నవంబర్ మొదటి వారాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. ఢిల్లీలో విమానాల ప్రయాణ ప్రణాళికల్ని టవర్‌కి అందించే కంప్యూటర్ వ్యవస్థ కూలిపోయింది. 800కి పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ప్రయాణికులు అవస్థ పడ్డారు. ఒక్క విమానానికీ ప్రమాదం జరగలేదు. ఎందుకంటే కంట్రోలర్లు ఆ వివరాల్ని ఒక్కొక్కటిగా చేత్తో నింపుకుంటూ, విమానాల మధ్య దూరం పెంచి, నిదానంగా నడిపారు. పని నెమ్మదించిందే గాని ప్రాణం పోలేదు. ఆ మనుషుల్ని ముందే తగ్గించి ఉంటే ఆ రెండు రోజులు ఎలా గడిచేవి?

మన ఆకాశం సంగతికి వస్తాను. మాచర్ల దాటితే మొదలయ్యే నల్లమల గురించి తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఆ అడవిలోనే పావురాల గుట్ట దగ్గర కూలింది. అయిదుగురు పోయారు. అది వాతావరణ రాడార్ ఉన్న బెల్ 430. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెజర్ తేడాగా కనపడితే, దానికి సంబంధించిన పుస్తకంలో వెతుక్కుంటూ పైలట్లు ఆరు నిమిషాలకి పైగా గడిపారని విచారణ కమిటీ చెప్పింది. ఈలోగా హెలికాప్టర్ ఉరుముల మేఘంలోకి పోయింది. సైన్యం, వాయుసేన, వేలమంది జవాన్లు వెతికితే ఆచూకీ దొరికింది మర్నాడు పొద్దున. అంతకుముందు 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగిని మోసుకొస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. ఆ పొద్దున అక్కడ చూపు ఆనని వాతావరణం.

ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టర్‌నే ఒక రోజంతా కనుక్కోలేకపోయాం. రాడార్ కిరణం సూటిగా పోతుంది, కొండని దాటి వంగదు, భూమి వంపు వెనక చూడలేదు. శంషాబాద్ గాని గన్నవరం గాని సాగర్‌కి గాలిదూరంలోనే వంద కిలోమీటర్ల పైన. ఎత్తున పోయే విమానం అక్కడి నుంచి కనిపించవచ్చు. అదే విమానం దిగడానికి కిందికి వస్తున్నప్పుడు, ఎవరో ఒకరు తప్పకుండా చూస్తూ ఉండాల్సిన ఆ చివరి నిమిషాల్లో, దూరపు రాడార్‌కి కనపడకుండా పోతుంది. కొండలు, జలాశయం, అడవి ఉన్న ఇలాంటిచోట ఉపగ్రహం ఒక్కటి చాలనడం కంటే తెగింపు ఇంకోటి లేదు.

ఖర్చు గురించి చెప్పి ముగిస్తాను. టెర్మినల్‌కి వందల కోట్లు అడుగుతారు, గాజు గోడలకీ పాలరాతికీ ఎవరూ బేరమాడరు. ఐఎల్ఎస్‌కి అయ్యే కొన్ని కోట్ల దగ్గర మాత్రం బేరం మొదలవుతుంది. పరికరం కొన్నాక దాన్ని బతికించుకునే పని ఇంకోటి ఉంది. ఐఎల్ఎస్ కిరణం కొంచెం పక్కకి జరిగినా దాని మానిటర్ పట్టుకుని కొద్ది సెకన్లలోనే దాన్ని ఆపేస్తుంది, తప్పు దారి చూపడం కంటే ఏ దారీ చూపకపోవడం మేలని. ఆగిన దాన్ని అర్ధరాత్రయినా బాగుచేయడానికి ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు షిఫ్టుల్లో ఉండాలి. క్యాలిబ్రేషన్ విమానం గడువు ప్రకారం వచ్చి, ఆ కిరణం మీదే ఎగిరి కొలిచి పోవాలి. యాంటెన్నా ముందు నేల చదునుగా ఉండాలి, అక్కడ గోడౌన్లు లేవకూడదు, అంటే భూసేకరణ నాడే ఆ నేలని లెక్కలోకి తీసుకోవాలి. తర్వాత పెడదాంలే అనుకుంటే పెట్టడానికి చోటు మిగలదు.

కాబట్టి సాగర్ విమానాశ్రయం ప్రాజెక్టు నివేదిక ప్రజల ముందుకి వచ్చిన రోజున మన ఎమ్మెల్యేలని, ఎంపీని, అధికారుల్ని టెర్మినల్ బొమ్మ చూపించమని అడగొద్దు. రన్‌వే రెండు కొసల్లో ఏ కొసకి ఏ తరగతి ఐఎల్ఎస్ పెడుతున్నారో అడుగుదాం. వీఓఆర్, డీఎంఈ ఎక్కడ వస్తాయో, నల్లమల వైపు నుంచి వచ్చే విమానం ఎన్ని వందల అడుగుల ఎత్తు దాకా రాడార్‌కి కనిపిస్తుందో, ఆ రాడార్ ఆగిన రోజున ఏం చేస్తారో అడుగుదాం. టవర్లో ఒక షిఫ్టుకి ఎంతమంది కంట్రోలర్లు, ఎంతమంది ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు ఉంటారో అడుగుదాం. ఈ ప్రశ్నలకి నివేదికలో పేజీ నంబరుతో జవాబు చూపించగలిగితే శంకుస్థాపనకి నేను కూడా ఎడ్లపాడు నుంచి బండి కట్టుకుని వస్తాను. "అదంతా శాటిలైట్ చూసుకుంటుంది" అన్నదే జవాబైతే ఆ నివేదికని వెనక్కి పంపించాలి.